ఓడిళ్ళ ఆడిటరు

కస్తూరి గుమ్మడి వడియాలు పెట్టి నడుం ఎత్తేసరికి ఇల్లు తిరిగింది.

మధ్యాహ్నం కావస్తోంది. ముంగిట్లో తడిగుడ్డ పరిచి వరసలుగా పెట్టిన వడియాలమీద అంతవరకు నిండుగా ఉన్న ఎండ మెల్లగా పక్కకు జారింది. ఇంటి నీడ వచ్చి వాటిమీద పడింది. ఆమె విసుక్కోలేదు. గుడ్డ రెండు కొసలూ పట్టుకుని ఎండ పోయిన వైపుకే లాగింది. నేలమీద ఇళ్ళున్న రోజుల్లో తూర్పు వాకిలి, ఉత్తరపు వాకిలి అని చెప్పుకునేవారట. ఓడింటి వాకిలికి ఒక దిక్కంటూ ఉండదు. పొద్దున సూర్యుణ్ణి చూసిన గుమ్మం అన్నాల వేళకు గాలి మారిందని పడమటికి తిరుగుతుంది. లోపలి మనుషులు కూర్చున్న చోటే కూర్చుని ఉంటారు, కిటికీలోని సముద్రం మారుతూ ఉంటుంది.

గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట ఒకప్పుడు ఊళ్ళుండేవి. నీళ్ళు పైకి వచ్చాక జనం ఓడలాంటి ఇళ్ళు కట్టుకుని వాటిలోకి మారిపోయారు. అవే ఓడిళ్ళు. ప్రతి ఓడింటి నడిమి గోడలోనూ పళ్ళెమంత గతిసూచి ఒకటి ఉంటుంది. ఇంటిని తుఫాను దారినుంచి తప్పించడానికి కనిపెట్టిన పరికరమది. తుఫానులు లేని నెలల్లో ఊరికే ఉండటం ఎందుకని ఎవరో దానికి ఇంటి జమాఖర్చులు కూడా అప్పగించారు. సముద్రాన్ని తేలే దీపాలతో గళ్ళు గళ్ళుగా విడదీసి వాటికి జలవాటికలని పేరు పెట్టారు. ఒక్కో వాటికలో ఒక్కో పన్ను, అదీ రుతువుకో తీరు. ఏ ఇంటి సంపాదనకు ఏ వాటిక మేలో గతిసూచి తెల్లవారకముందే లెక్కవేసి, నిద్రపోతున్న మనుషులతో సహా ఇంటిని అక్కడికి చేరుస్తుంది. దాంతో పన్ను కాగితాలు నింపే పని పోయింది. ఆడిటరు గుమ్మం తొక్కే అవసరమూ పోయింది. పొద్దున్నే కిటికీ తెరిస్తే కొత్త నీళ్ళు, కొత్త పక్కిల్లు.

అది హాయిగానే ఉండేది. కస్తూరి అలాగే పెరిగింది. గుడ్డల మీద అచ్చువేసే పూల నమూనాలు గీయడం ఆమె పని. రోజుకో రంగు నీళ్ళు చూస్తూ గీయడం ఆమెకు ఇష్టం కూడా. ఆమె కూతురు కిన్నెరకు ఆరేళ్ళు. పక్కన ఏ ఇల్లు వచ్చి ఆగితే ఆ ఇంటికి నడకబల్ల వేసుకుని వెళ్ళి ఆడుకుని వచ్చేది. వచ్చి చెప్పే కబుర్లలో పేర్లుండేవి కావు. ఈరోజు పిల్లకు రెండు జడలున్నాయనీ, ఈరోజు పిల్ల బొమ్మ ఇవ్వలేదనీ చెప్పేది. రేపు ఉండని పిల్ల పేరు అడగాలని ఓడిళ్ళ పిల్లలకు ఎవరికీ తోచదు. కస్తూరికి చిన్నప్పుడు తోచలేదు.

ఆ మధ్యాహ్నం కిన్నెర నడకబల్ల మీదుగా పరుగున వచ్చి, నిస్సి వాళ్ళమ్మ పెద్ద నీడగుడ్డ కుడుతోందని చెప్పింది.

వడియాల గుడ్డ సర్దుతున్న కస్తూరి చేయి ఆగింది. "నిస్సి ఎవరే?" అని అడిగింది.

"నిస్సేనమ్మా. పక్కింటి నిస్సి," అంది కిన్నెర, తల్లికి ఆమాత్రం తెలియదా అన్నట్టు.

ఏ లెక్కలు ఎలా కలిశాయో గాని, కొన్నాళ్ళుగా ఆ రెండిళ్ళూ ఒకే దారిన వస్తున్నాయి. కస్తూరి గమనించలేదు. తలెత్తి చూసింది. పక్కింటి ముంగిట్లో తెల్లటి గుడ్డ ఒడినిండా పరుచుకుని, తనకంటే కొంచెం చిన్నదైన ఒకామె కుడుతోంది. ఆమె పక్కన పలచటి పిల్ల ఒకతె నిలబడి, కిన్నెర ఎప్పుడు తిరిగి వస్తుందా అని ఇటే చూస్తోంది. ఆ చూపు కస్తూరికి కొత్త. తనకోసం ఎవరూ అలా ఎదురుచూసిన గుర్తు ఆమెకు లేదు.

లోపలికి వెళ్ళి గతిసూచిని అడిగింది. ఈ వారం చివర పక్కిల్లు దక్షిణానికీ, తమది ఉత్తరానికీ పోతాయని అది మెత్తటి గొంతుతో చెప్పింది. అలా కాకుండా ఉండే వీలు లేదా అని అడిగితే, జమాఖర్చుల్లో కారణం లేకుండా దారి మార్చే అధికారం తనకు లేదంది. స్థానిక లెక్కసాక్షి ఎవరైనా రాసి ఇస్తే మార్చుకోవచ్చని పాత చట్టంలో ఒక వాక్యం ఉందని కూడా చెప్పింది. లెక్కసాక్షి అంటే చట్టం పెట్టిన పేరు. జనం నోట్లో ఆడిటరే.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చిన భర్తతో మాట్లాడింది. ధర్మారావు పాడైన గతిసూచుల్ని బాగుచేసే ఉద్యోగి. వాటికలన్నీ తిరుగుతూ, ఇల్లు ఎక్కడుంటే అక్కడికి నెలకు రెండుసార్లు వచ్చిపోతాడు. ఆడిటర్లు ఇంకా ఉన్నారా అని అతను ఆశ్చర్యపోయాడు గాని వద్దనలేదు. కిన్నెర గొంతులో ఆ పేరు ఎలా పలికిందో వినిపిస్తే, వెతుకు మరి, అన్నాడు.

వెతకడం కలలో ఎవరినో వెంబడించినట్టు జరిగింది. గతిసూచి ఇచ్చిన పేర్లు పట్టుకుని చిన్న పడవ మీద బయల్దేరితే, ఆ ఆడిటరు ఇల్లు ఉండవలసిన చోట నీళ్ళు మాత్రం ఉండేవి, లేదంటే ఇంకెవరి ఇల్లో ఉండేది. ఒకాయన దొరికాడు గాని, ఆ వృత్తి ఎప్పుడో మానేసి రొయ్యలు పెంచుకుంటున్నాడు. ఆమె అడిగింది విని, తన చేతులు వాసన చూసుకుని నవ్వాడు. ఒకావిడ పట్టా ఇంకా ఉంచుకుంది. కస్తూరిని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, అంతా శ్రద్ధగా విన్నది. చివరకు, తన ఇల్లు కూడా రేపు ఈ వాటిక దాటిపోతుందనీ, సంతకం పెట్టాలంటే స్థానికురాలై ఉండాలనీ, ఈ నీళ్ళమీద స్థానికులని చెప్పుకోగలిగినవాళ్ళు ఎవరుంటారనీ నిట్టూర్చింది. కస్తూరి పడవ తాడు విప్పుతుంటే ఆవిడకు ఏదో గుర్తొచ్చింది. మునిగిన ఊరి సినిమా హాల్లో సాంబమూర్తి అనే ఆయన ఉండేవాడు, ఉన్నాడో లేడో చూడమంది.

ఆ ఊరు అద్దం కింద పెట్టినట్టు నీళ్ళ అడుగున కనిపించింది. కొబ్బరి మోడుల మధ్య వీధి, వీధిలో చేపలు. సినిమా హాలు పై అంతస్తు ఒక్కటే నీటిపైన నిలిచి ఉంది. టిక్కెట్ల కిటికీ చువ్వకు ఒక బోర్డు వేలాడుతోంది. ఉప్పుగాలికి వెలసిన అక్షరాలను కస్తూరి కూడబలుక్కుని చదివింది. మల్లిడి సాంబమూర్తి, స్థానిక లెక్కసాక్షి.

లోపల బాల్కనీ కుర్చీలు మెట్లుగా నీళ్ళలోకి దిగిపోతున్నాయి. ఒకప్పుడు తెర ఉన్న చోట పచ్చటి నీరు వెలుగుతూ, గోడమీద ఆ వెలుగు అలలు అలలుగా ఆడుతోంది. పై వరసలో, చెప్పులు విడిచి కాళ్ళు ముందు కుర్చీ మీద పెట్టుకుని, బట్టతల పెద్దాయన ఒకడు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"సాంబమూర్తి గారంటే..."

"ఆయ్, నేనేనండి. కూర్చోండి. కుర్చీలకేం లోటు లేదు."

ఆయనకూ ఒక ఓడిల్లు ఉండేదట. ఒకనాటి పొద్దున కిటికీ తీసి చూస్తే, రేపు తాను లెక్కలు రాయగలిగిన ముఖం ఒక్కటీ కనబడలేదట. ఇల్లు ఈ హాలు పక్కనుంచి పోతుంటే పెట్టె పుచ్చుకుని దిగిపోయాడట. అప్పటినుంచీ తాను కదల్లేదు గనుక స్థానికుడినేననీ, తన దగ్గర లెక్కలు రాయించుకునే పార్టీలే కదిలిపోయారనీ ఆయన చెప్పాడు. కస్తూరి తన సంగతి చెప్పుకుంది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడేమోనని ఆమె ఆగితే, చెప్పండమ్మా అన్నాడు.

ఇల్లు ఆపించడం తనవల్ల కాదన్నాడు. ఆపాలంటే నేల ఉండాలి, ఆ చట్టం నేలతోపాటే మునిగింది. కాని రెండిళ్ళు కలిసి నడిచే దారి ఒకటుంది. రెండు కుటుంబాలవాళ్ళు ఒకే వ్యాపారంలో పొత్తు పెట్టుకుంటే వాళ్ళ జమాఖర్చులు ఒకటవుతాయి. అప్పుడు రెండు గతిసూచులూ కూడబలుక్కుని ఒకే దారి లెక్కకట్టాలి. ఇల్లు ఎక్కడికి పోయినా పక్కిల్లు పక్కనే ఉంటుంది. అయితే రుతువుకోసారి ఈ వాటికకు వచ్చి, పొత్తు బతికే ఉందని స్థానిక సాక్షికి చూపించుకోవాలి.

"అలా రాసేయండి మరి," అంది కస్తూరి ఆశగా.

"రాస్తానమ్మా. ముందు జరగాలి గదా. లేనిది ఉన్నట్టు రాయడానికైతే గోడలో పళ్ళెం చాలు, నేనెందుకు?"

ఫీజు సంగతి అడిగితే, రుతువుకోసారి మామూలు ఫీజు, వచ్చిన రోజున నీడలో ఒక కుర్చీ, చేప లేని కూరతో భోజనం, అన్నాడు. చేపలు చూసి చూసి తినబుద్ధి కావడం లేదట. కస్తూరి ఒప్పుకుంది. మర్నాడు ఆయన్ను తీసుకువెళ్ళడానికి తానే పడవ తెస్తానంది.

తిరిగి వచ్చి, మొదటిసారి నడకబల్ల దాటి పక్కింటికి వెళ్ళింది. ఆమె పేరు సువార్త. ఓడిళ్ళ మీద ఎండకు అడ్డంగా కట్టే నీడగుడ్డలు కుట్టి బతుకుతోంది. కస్తూరికి చాప వేసింది, టీ ఇచ్చింది, చెప్పిందంతా మర్యాదగా విన్నది. వాళ్ళిద్దరికీ మాటలు కలవలేదు. పక్కింటామెతో ఎంత దగ్గరగా కూర్చోవాలో, ఏం మాట్లాడాలో ఇద్దరికీ అలవాటు లేదు. చివరకు సువార్త సూది గుడ్డకు గుచ్చి పెట్టి తలెత్తింది.

"నాకొద్దండి. ఇలా పోతుండటమే బాగుంది నాకు. ఒకచోట ఉంటే జనం అడుగుతారు. మీ ఆయనేడీ అంటారు. ఇలా పోతుంటే ఎవరూ అడగరు."

ఇల్లు ఒకచోట ఉండదనీ, నడుస్తూనే ఉంటుందనీ, పక్కన తాముంటామంతేననీ కస్తూరి చెప్పింది. లోపలి గదిలో పిల్లలిద్దరూ గుసగుసలాడుకోవడం వినిపించింది. కిన్నెర ఏదో చెప్పి, ఇది రేపు చేద్దాం, అంది. నిస్సి సరేనంది. రేపు అన్న మాట ఇద్దరు తల్లులూ విన్నారు.

"నేనేమీ అడగను," అంది కస్తూరి.

సువార్త గుచ్చిన సూదిని మళ్ళీ చేతిలోకి తీసుకుంది. తర్వాత, ఆ ఆడిటరు గారిని రానివ్వండి చూద్దాం, అంది.

మర్నాడు సాంబమూర్తి వచ్చి రెండు ముంగిళ్ళూ కనబడేలా కుర్చీ వేయించుకున్నాడు. ఒకరు బొమ్మలు గీస్తారు, ఒకరు గుడ్డ కుడతారు, ఇందులో ఆలోచించడానికేముందని ఆయనే దారి చూపించాడు. ఒక నీడగుడ్డ మీద కస్తూరి పూలు వేయాలి, సువార్త కుట్టాలి. ఇద్దరూ కలిసి గుడ్డ పట్టుకుని పరిచారు. అంత పెద్ద గుడ్డ మీద గీయడం కస్తూరికి తెలియదు, అచ్చులన్నీ చిన్నవి. సువార్త మోకాళ్ళమీద కూర్చుని గుడ్డ బిగలాగి పట్టుకుంటే ఆమె కుంచెతో వేసుకుంటూ పోయింది. మొదట అక్కడ పట్టండి, ఇక్కడ వదలండి అన్న మాటలే. తర్వాత మందార పువ్వు గుమ్మడికాయలా వచ్చిందని సువార్త నోరు జారింది. కస్తూరి కుంచె పక్కన పెట్టి నవ్వింది. పిల్లలు అరికాళ్ళకు రంగు పూసుకుని అంచు మీద నడిచారు. ఆడిటరు గారు సొరకాయ పులుసుతో భోంచేసి, కుర్చీలోనే ఒక కునుకు తీశాడు.

సాయంత్రానికి సముద్రపు తేమకు రంగులన్నీ కారిపోయాయి. ఎర్రటి పూలు ఆకుల్లోకి, ఆకులు ఆకాశంలోకి కలిసిపోయి, గుడ్డంతా సూర్యుడు అస్తమించాక మిగిలే మబ్బులా తయారయింది. ఎవరూ కొనరని సువార్త తేల్చేసింది. కస్తూరి ముఖం చిన్నబోయింది. ఇక సంతకం పెట్టరనుకుంది.

సాంబమూర్తి లేచి వచ్చి గుడ్డను అటూ ఇటూ తిప్పి చూశాడు. "నష్టం వచ్చిందన్నమాట," అన్నాడు తృప్తిగా. "ఇద్దరికీ కలిపి వచ్చింది గదా. ఇంతకంటే పొత్తేముంటుందమ్మా?" అంటూ జేబులోంచి కలం తీశాడు.

అలా రెండిళ్ళూ కలిసి నడవడం మొదలుపెట్టాయి. కస్తూరికి తర్వాత్తర్వాత ఆ రోజులు తలుచుకుంటే ఒక పొడుగాటి మధ్యాహ్నంలా అనిపించేవి. నీళ్ళు మారేవి, రంగు మారేవి, తేలే దీపాలు వెనక్కి పోయేవి. కిటికీ తెరిస్తే సువార్త తల దువ్వుకుంటూ కనబడేది. కారని రంగులు సంపాదించారు. వాళ్ళ పూల నీడగుడ్డలు అక్కడొకటి ఇక్కడొకటి సముద్రం మీద తేలుతూ ఎదురయ్యేవి. ఎవరి ఇంటిమీదో తమ మందార పువ్వును చూసి పిల్లలు చేతులూపేవారు. పిల్లల ఆటలు ఒకరోజుతో అయిపోవడం మానేసి వారాల తరబడి సాగేవి. ఎప్పుడో తెలియకుండా సువార్త ఆమెను వదినా అని పిలవడం మొదలుపెట్టింది. రుతువు మారగానే సినిమా హాలు దగ్గరికి వెళ్ళి, సాంబమూర్తికి భోజనం పెట్టి, సంతకం పెట్టించుకుని వచ్చేవారు.

ఒక సాయంత్రం అంచు కుడుతూ సువార్త తనంతట తనే చెప్పింది. ఆమె భర్త ఏసుపాదం ఓడల మరమ్మతు పనికి వెళ్ళేవాడు. ఒకసారి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. అతను వెళ్ళాక ఇల్లు మామూలుగానే వేరే వాటికకు పోయింది.

"ఇల్లు కనబళ్ళేదనుకోవాలో, వెతకలేదనుకోవాలో తెలీదు వదినా," అని దారం కొరికింది. కస్తూరి మాట ప్రకారం ఏమీ అడగలేదు. కాని ఆ మాట ఆమె మనసులో ఉండిపోయింది. భర్త వచ్చినప్పుడు అతనికి చెప్పింది.

ఆ తర్వాత వర్షాలు వెనకబట్టిన కాలంలో ధర్మారావు దక్షిణపు రేవునుంచి ఒక సంగతి మోసుకొచ్చాడు. మరమ్మతు షెడ్డులో టీ తాగుతూ పక్కతనితో మాటల్లో పడ్డాడట. పేరు ఏసుపాదం, భార్య పేరు సువార్త, కూతురు నిస్సి. మరి ఇల్లెక్కడండీ అని అడిగితే, ఎటో పోయిందండీ, అని నవ్వాడట. ఏ రేవులోనైనా పేరు చెబితే ఎవరి సొంత ఇల్లు ఎక్కడుందో వాళ్ళకు చూపిస్తారు. ఆ సంగతి తెలియనివాడు సముద్రం మీద లేడు.

ఈ మాట చెప్పాలా వద్దా అని కస్తూరి రెండు రోజులు గింజుకుంది. తెలియకుండా ఎదురుచూడటం కంటే తెలియడమే మేలని చివరకు అనుకుంది. అందులో ప్రేమే ఉంది, దురుద్దేశం లేదు. మర్నాడు పొద్దున గుడ్డ పరుస్తూ, నెమ్మదిగా, వీలైనంత మెత్తగా చెప్పింది. నవ్విన సంగతి కూడా దాచలేదు.

సువార్త చేతిలోని గుడ్డ కొస వదలలేదు. ముఖం మాత్రం, దీపం తీసేసిన గదిలా అయిపోయింది.

"నేనడిగేనా?" అంది.

కస్తూరి ఏదో చెప్పబోయింది. తానూ ఏమీ అడగలేదనీ, అతనే తారసపడ్డాడనీ అనబోయింది.

"మిమ్మల్ని నేనడిగేనా అండీ?"

ఆ అండీ కస్తూరికి చెంపమీద తగిలినట్టు తగిలింది. సువార్త గుడ్డను సగం మడిచి చంకన పెట్టుకుని, నిస్సిని పిలుచుకుని తన వైపుకు వెళ్ళి, నడకబల్ల లోపలికి లాక్కుంది.

అంతకుముందు కస్తూరి ఎవరితోనూ పోట్లాడలేదని కాదు. ఓడిళ్ళలో మాటామాటా రావడం మామూలే. నీళ్ళ గొట్టం దగ్గర, పడవలు కట్టే చోట ఒకరినొకరు మాటలు అనుకునేవారు, తలుపులు వేసుకుని పడుకునేవారు. తెల్లవారేసరికి ఆ మనిషి ఉండేది కాదు. ఆ నీళ్ళే ఉండేవి కావు. కోపమూ తప్పూ కూడా వాటితోపాటే వెనకబడిపోయేవి. ఇప్పుడు తెల్లవారింది. కస్తూరి కిటికీ తెరిచింది. ఎదురుగా సువార్త కిటికీ ఉంది. సువార్త ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసి గబుక్కున తప్పుకున్నారు.

కిన్నెర అంచున కూర్చుంది. అవతల అంచున నిస్సి కూర్చుంది. మధ్యన నీళ్ళు చిన్నగా చప్పుడు చేస్తున్నాయి. అమ్మలు అలా ఎందుకున్నారని కిన్నెర అడిగింది. ఎప్పటిదాకా ఇలా ఉండాలని కూడా అడిగింది. కస్తూరికి ముప్పయ్యేళ్ళు దాటాయి. పోట్లాడిన మనిషి మర్నాడు కూడా ఎదురుగా ఉంటే ఏం చేయాలో తనకు ఎవరూ నేర్పలేదు. అమ్మ చేయగా చూడలేదు. గతిసూచిని అడిగింది. పొత్తు బతికి లేదని సాక్షి రాసిస్తే ఆ తెల్లవారికే వేరే వాటికకు తీసుకుపోతానని అది చెప్పింది. తుఫాను వస్తోందని చెప్పేటప్పుడు ఎంత దయగా చెబుతుందో అంత దయగానూ చెప్పింది. దానికి తెలిసిన సాయం అదొక్కటే.

అలా మాటల్లేకుండానే రుతువు తిరిగింది. రెండిళ్ళూ పక్కపక్కనే, మడతపెట్టిన రెండు గుడ్డల్లా, మునిగిన ఊరిమీదకు వచ్చి ఆగాయి.

సాంబమూర్తి పడవలో వచ్చి, నడకబల్ల లేకపోవడం చూసి, ఏమీ అనకుండా ముందు సువార్త ఇంటికి వెళ్ళాడు. చాలాసేపటికి కస్తూరి ముంగిట్లోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ రద్దు చేయమంటోందని చెప్పాడు. ఏడవలేదు, మీమీద చెడ్డమాట ఒక్కటీ అనలేదు, రద్దు చేసెయ్యండి అని మాత్రం అంది, అన్నాడు. కస్తూరి కూడా ఊ అంటే సాయంత్రానికి రాసేస్తాననీ, రేపు తెల్లవారేసరికి ఎవరి దారి వారిదనీ చెప్పాడు.

ఊ అనడానికి ఆమె నోరు తెరిచింది. అంటే ఎంత తేలికో ఆమెకు తెలుసు. రేపు కిటికీలో కొత్త నీళ్ళుంటాయి. ఈ గుండె బరువు ఉండదు. కిన్నెర నాలుగు రోజులు అడిగి ఊరుకుంటుంది, మళ్ళీ ఈరోజు పిల్లలతో ఆడుకుంటుంది. ఆమె అవతలి ముంగిట్లోకి చూసింది. సువార్త ఆ రోజు సగం మడిచి తీసుకుపోయిన గుడ్డనే విప్పి, ఒంటరిగా, మోకాలితో ఒక కొస తొక్కిపట్టి కుడుతోంది. గుడ్డ జారిపోతోంది. మళ్ళీ లాక్కుంటోంది.

"ఆడిటరు గారూ," అంది కస్తూరి. "నేలమీద ఉన్నప్పుడు ఇలాంటివి జరిగేవి కావా?"

"ఎందుకు జరగవమ్మా, రోజూ జరిగేవి."

"మరి ఏం చేసేవారండీ?"

సాంబమూర్తి గడ్డం గోక్కున్నాడు. ఇది ఆయన వృత్తికి సంబంధించిన ప్రశ్న కాదు. అయినా లెక్కల ప్రశ్న అడిగినట్టే ఆలోచించాడు. "కొన్నాళ్ళు మాట్లాడుకునేవారు కాదండి. మొహాలు తిప్పుకునేవారు. మా అమ్మ ఇలాంటప్పుడు, ఎప్పుడో ఓ సాయంత్రం, గిన్నె పుచ్చుకుని వెళ్ళేది. కాస్త తోడుందా వదినా అని."

"మా ఇంట్లో పెరుగు ఉందండీ."

"మా ఇంట్లోనూ ఉండేది," అన్నాడాయన. "ఉన్నా వెళ్ళేవారమ్మా."

కస్తూరి లోపలికి వెళ్ళింది. ఒక చిన్న గిన్నె తీసింది, కడిగిందే మళ్ళీ కడిగింది. బయటకు వచ్చి అంచున, కిన్నెర పక్కన నిలబడింది. ఇంతవరకు ఎన్నో వాటికలు దాటింది గాని ఇంత వెడల్పైన నీళ్ళు ఆమె చూడలేదు.

"సువార్తా," అంది. "కాస్త తోడుంటే పెడతావా?"

సువార్త తలెత్తలేదు. సూది ఒకసారి గుడ్డలోకి దిగి పైకి వచ్చింది.

"మీ ఇంట్లో పెరుగుంది. పొద్దున మీ అమ్మాయి పెరుగన్నం తినడం చూసేను."

"ఉంది," అంది కస్తూరి.

సాంబమూర్తి దూరంగా ఏదో పడవను శ్రద్ధగా చూడసాగాడు. పిల్లలిద్దరూ కదల్లేదు. సువార్త కళ్ళు గుడ్డమీదే ఉంచి మరో నాలుగు కుట్లు వేసింది. తర్వాత దారం తెంపకుండానే సూది గుచ్చిపెట్టి లేచి లోపలికి వెళ్ళింది. వెళ్ళి ఎంతకీ రాలేదు. ఇంక రాదనుకుని కస్తూరి గిన్నె దించుకోబోయింది.

వచ్చింది. కళ్ళు తుడుచుకుని వచ్చిన ముఖం. చేతిలో చిన్న గిన్నె, దాంట్లో గరిటెడు పెరుగు. అంచుదాకా వచ్చి చేయి చాచింది. కస్తూరీ చాచింది. అందలేదు. ఇంకా వంగి చూసింది, అయినా అందలేదు. రెండు ఇళ్ళూ అలమీద ఒకసారి లేచి దిగాయి, గిన్నెలో పెరుగు అంచుకు వచ్చింది.

సువార్త గిన్నెను నిస్సి చేతికిచ్చింది. గోడవార నిలబెట్టి ఉన్న నడకబల్లను రెండు చేతులా ఎత్తి ఇటు తోసింది.

"ఆ కొస పట్టుకో, వదినా," అంది.